పదహారో చానెల్‌లో పిలిస్తే పలికేవాళ్లుండాలి: మత్స్యశాఖకు, బోటు సంఘాలకు బహిరంగ లేఖ

ఆంధ్రప్రదేశ్ మత్స్యశాఖ కమిషనర్ గారికి, రాష్ట్ర విపత్తుల నిర్వహణ సంస్థ అధికారులకు, శ్రీకాకుళం నుంచి తిరుపతి జిల్లా దాకా ఉన్న మరపడవల, ఫైబర్ బోట్ల సంఘాల పెద్దలకు, బోటు నడిపే సరంగులకు నమస్కారం.

ఏటా ఏప్రిల్ 15 నుంచి జూన్ 14 దాకా మన తీరంలో వేట నిషేధం. బోట్లు ఒడ్డెక్కేది ఈ 61 రోజుల్లోనే. పుచ్చిన చెక్క మారుస్తారు, రంగులేస్తారు, ఇంజిన్ విప్పుతారు, వలలు బాగుచేసుకుంటారు. వీల్‌హౌస్‌లో, అంటే చుక్కాని గదిలో, బిగించిన వైర్‌లెస్ సెట్టును మాత్రం ఎవరూ ముట్టుకోరు. లైటు వెలుగుతోంది, గరగర వినిపిస్తోంది కాబట్టి బాగానే ఉందని లెక్క. ఆ లెక్క తప్పు. మనకు వినపడటం వేరు, మన మాట అవతలివాడికి చేరడం వేరు. యాంటెనా వైరు సగం కుళ్లినా దగ్గరి బోట్ల మాటలు చక్కగానే పడతాయి. మనం పంపే మాట మాత్రం హార్బర్ దాటదు.

రేవుల్లో ఈ సెట్లు బిగించి, బాగుచేసే మేం చెప్పదలచుకున్నది ఇది. నడిసముద్రంలో ఆపద వస్తే అన్నిటికన్నా ముందు అందే సాయం పక్క బోటు. ఆ బోటుకు మాట చేర్చేది వీహెచ్‌ఎఫ్ రేడియో, అంటే ఈ వైర్‌లెస్ సెట్టు, పదహారో చానెల్, అంటే 156.8 మెగాహెర్ట్జ్. ప్రపంచమంతా ఆపదలో పిలవడానికని విడిగా పెట్టుకున్న చానెల్ అది. మన తీరంలో దాన్ని చేతులారా పాడుచేసుకుంటున్నాం. సెట్లు లేక కాదు. ఉన్న సెట్టు సరిగ్గా పలకదు, పలికినా కబుర్ల గోలలో తేలదు, తేలినా విన్నవాడికి తర్వాత ఏం చేయాలో తెలియదు.

పక్క బోటు 6 నాటికల్ మైళ్ల దూరంలో ఉందనుకోండి (నాటికల్ మైలంటే 1.85 కిలోమీటర్లు, ఈ లేఖలో మైళ్లన్నీ అవే). వల ఎత్తేసి 8 నాట్ల వేగంతో, అంటే గంటకు 8 మైళ్లు, వస్తే 45 నిమిషాలు పడుతుంది. 40 మైళ్ల అవతలి రేవు నుంచి కోస్ట్‌గార్డ్ ఓడ 20 నాట్లతో వచ్చినా 2 గంటలు, అదీ కబురందిన క్షణంలోనే బయల్దేరితే. అడుగున చిల్లిపడి నీళ్లెక్కుతున్న బోటులో గంటంబావు తేడా చిన్నది కాదు. నది మీదైనా ఇంతే. 2019 సెప్టెంబరు 15న కచ్చులూరు దగ్గర గోదావరిలో పర్యాటకుల బోటు మునిగినప్పుడు బతికినవాళ్లను ముందుగా బయటికి లాగింది పడవలేసుకుని వచ్చిన దగ్గరి ఊళ్లవాళ్లే.

ఉపగ్రహ పరికరాలు వచ్చాక ఈ పాత సెట్ల గొడవ ఎందుకని కొందరంటున్నారు. ఆ పరికరాలు మంచివే, ఉండాల్సినవే. ఇస్రో తయారుచేసిన ఆపద సంకేత పరికరం 2010 నుంచి వాడుకలో ఉంది. 2024లో వచ్చిన రెండో తరం పరికరం, పంపిన కబురు అందిందన్న జవాబును కూడా తిరిగి బోటుకు చేరుస్తుంది. లక్ష బోట్లకు ట్రాన్స్‌పాండర్లు, అంటే ఉపగ్రహం మీదుగా కబుర్లు పంపే పరికరాలు, బిగించే 364 కోట్ల రూపాయల కేంద్ర పథకం అదే ఏడాది ఆగస్టులో మొదలైంది. 2017లో ఓఖీ తుఫాను హెచ్చరిక వెలువడేసరికే లోతు సముద్రంలో ఉన్న కేరళ, తమిళనాడు మత్స్యకారులకు ఆ కబురు చేర్చే దారి లేకపోయింది. 1996 నవంబరు 6న కోనసీమను కొట్టిన తుఫాను బలుసుతిప్ప, భైరవపాలెం లాంటి ఊళ్లలో ఎందరిని తీసుకుపోయిందో ఇక్కడ ఎవరికీ చెప్పక్కర్లేదు. కనుక ట్రాన్స్‌పాండర్ వద్దని మేం అనం. కాకపోతే అది కబురు చెప్పేది ఒడ్డుకు. ఒడ్డు నుంచి ఆ కబురు మళ్లీ సముద్రంలోని పక్క బోటుకు రావాలి. వీహెచ్‌ఎఫ్‌లో అరిస్తే చుట్టూ ఉన్న అన్ని బోట్లకూ ఒకేసారి, అదే క్షణంలో వినపడుతుంది. కోస్ట్‌గార్డ్ 1554 నంబరు కూడా సెల్ సిగ్నల్ ఉన్నంతవరకే. ఒడ్డు కనుమరుగయ్యాక ఫోను మీద ఆశ పెట్టుకోకూడదు.

ఇక సెట్టు ఎంత దూరం పోతుందన్నది. కొనేటప్పుడు అందరూ అడిగేది వాట్లు. బిగించిన సెట్టుకు 25 వాట్లే గరిష్ఠం, అన్ని కంపెనీలదీ అంతే. దూరాన్ని తేల్చేది వాట్ల కన్నా యాంటెనా ఎత్తు. ఈ తరంగాలు ఇంచుమించు చూపు మేరకే పోతాయి, భూమి వంపు దాటాక అందవు. నీటి నుంచి యాంటెనా ఎంత ఎత్తులో ఉందో మీటర్లలో కొలిచి, దాని వర్గమూలాన్ని 4.12తో గుణిస్తే ఆ యాంటెనాకు అందే కిలోమీటర్లు వస్తాయి. అవతలి యాంటెనాకూ అలాగే కట్టి రెండూ కలపాలి. 4 మీటర్ల ఎత్తున యాంటెనా ఉన్న రెండు బోట్ల మధ్య 16 కిలోమీటర్లు, అంటే 9 నాటికల్ మైళ్లు. రెండూ 9 మీటర్లకు లేపితే 13 మైళ్లు. ఒడ్డున 100 మీటర్ల ఎత్తులో యాంటెనా ఉంటే 4 మీటర్ల బోటు మాట 26 మైళ్ల నుంచి కూడా చేరుతుంది. 300 మీటర్ల ఎత్తున ఎగిరే హెలికాప్టర్‌కు 43 మైళ్ల నుంచి. ఇదంతా కాగితం మీది లెక్క, అలల్లో కొంత తగ్గుతుంది. కాబట్టి ఇంకో పది వేలు పోసి ఖరీదైన సెట్టు కొనేకన్నా, యాంటెనాను వీల్‌హౌస్ కప్పు మీద నుంచి తీసి కొయ్య (మాస్ట్) చివరకు ఎక్కించడం మేలు.

యాంటెనా అంటే పొడుగ్గా ఉన్నదే గొప్పదనుకుంటారు. యాంటెనా శక్తిని ఎంత పోగుచేసి పంపుతుందో చెప్పే కొలత డీబీ. 6 డీబీ యాంటెనా శక్తినంతా పలచటి పళ్లెంలా చుట్టూ పరుస్తుంది. పెద్ద ఓడకు అది బాగుంటుంది. మన బోటు అలల్లో పక్కకు ఒరిగితే ఆ పళ్లెం ఒకవైపు నీళ్లలోకి, ఇంకోవైపు ఆకాశంలోకి పోతుంది, మాట తెగితెగి వినిపిస్తుంది. ఊగే చిన్న బోటుకు 3 డీబీ, మీటరు పైచిలుకు పొడవున్నదే సరి. చుట్టూ ఒక మీటరు మేర ఇనుప కొయ్య, వైరు తాడు లేకుండా బిగించాలి. జెండా గుడ్డలు దానికే చుట్టడం మానుకోవాలి.

అసలు జబ్బు ఎక్కువగా ఉండేది సెట్టు నుంచి యాంటెనాకు పోయే వైరులో. బజారులో చవగ్గా దొరికే సన్నని ఆర్‌జీ-58 వైరు 15 మీటర్లు వాడితే 25 వాట్లలో సగం వైరులోనే వేడిగా పోతుంది. అదే దూరానికి వేలు లావున్న ఆర్‌జీ-213 వేస్తే నష్టం అందులో సగానికి తగ్గుతుంది. 5 మీటర్లలోపు అయితే సన్నదైనా ఫరవాలేదు. యాంటెనా దగ్గర వైరు చివరనున్న పీఎల్-259 కనెక్టరు విప్పి చూడండి. లోపలి అల్లిక వైరు రాగి రంగులో మెరవాలి. ఆకుపచ్చగానో నల్లగానో ఉంటే ఉప్పునీరు దిగినట్టే. ఆ నీరు ఒత్తిలో నూనెలా అల్లిక వెంట మీటర్ల కొద్దీ పాకుతుంది. చివర జానెడు కోసి కొత్త కనెక్టరు పెట్టి చేతులు దులుపుకుంటే లాభం లేదు, వైరు మొత్తం మార్చాలి. కొత్త కనెక్టరుకు ముందు తనంతట తాను అతుక్కునే రబ్బరు టేపును సాగదీస్తూ, కింది నుంచి పైకి, సగం మీద సగం పడేలా చుట్టాలి. పై నుంచి కిందికి చుడితే ప్రతి పొర అంచులోకీ నీరు జారుతుంది. దాని మీద మామూలు ఇన్సులేషన్ టేపు. ఒట్టి ఇన్సులేషన్ టేపు ఒక్కటే చుడితే ఎండకు జిగురు కారిపోయి ఒక వేసవిలోనే ఊడుతుంది. వైరు లోపలికి వచ్చే చోట కిందికి ఒక వంపు వదిలితే చినుకులు అక్కడే రాలిపోతాయి, సెట్టు వెనక్కి రావు.

బాగుందో లేదో చూపుతో తేలదు, పంపిన శక్తి ఎంత వెనక్కి వస్తోందో చూపే ఎస్‌డబ్ల్యూఆర్ మీటరు పెట్టి కొలవాలి. 1.5 లోపు ఉంటే నిశ్చింత. 2 దాటితే ఎక్కడో తడి, తుప్పు, వదులు ఉన్నాయి. 3 చూపిస్తే పంపిన శక్తిలో పావు వంతు వెనక్కి తన్నుతోందన్నమాట. చాలా సెట్లు అప్పుడు తమను తాము కాపాడుకోడానికి వాట్లు తగ్గించేస్తాయి. ఈ కొలతకు ఒక్కో బోటు దగ్గర పది నిమిషాలు చాలు.

కరెంటు సంగతి. వింటున్నప్పుడు సెట్టుకు అర ఆంపియరు చాలు. మైకు నొక్కగానే 5 నుంచి 6 ఆంపియర్లు లాగుతుంది. 1 చదరపు మిల్లీమీటరు వైరు 5 మీటర్లు లాగితే, పోను రాను 10 మీటర్లలో ఒక వోల్టు అక్కడే పోతుంది. 4 చదరపు మిల్లీమీటర్ల వైరులో పోయేది పావు వోల్టే. ఫ్యూజు హోల్డరు తుప్పుపడితే ఇంకా ఘోరం. సెట్టు రోజంతా బాగా వినిపిస్తుంది, మైకు నొక్కగానే లైటు ఆరిపోయి మళ్లీ మొదటి నుంచి వెలుగుతుంది. సెట్టు పాడైందని షాపుకు పట్టుకొస్తారు. బల్ల మీద పెడితే బ్రహ్మాండంగా పనిచేస్తుంది! మైకు నొక్కి ఉంచి, సెట్టు వెనక టెర్మినల్ దగ్గర వోల్టులు కొలవండి. 12 కన్నా తగ్గకూడదు. 10 ఆంపియర్ల ఫ్యూజు బ్యాటరీ పాజిటివ్ పక్కనే ఉండాలి. 24 వోల్టుల బోటులో రెండు బ్యాటరీల్లో ఒకదాని నుంచి 12 వోల్టులు లాక్కోవడం చాలాచోట్ల ఉన్న అలవాటు. అలా చేస్తే ఆ ఒక్క బ్యాటరీ ముందే చస్తుంది.

అన్నిటికన్నా ముఖ్యం, సెట్టు బ్యాటరీ ఇంజిన్ గదిలో ఉండకూడదు. బోటుకు చిల్లిపడితే ముందు మునిగేది ఇంజిన్ గదే. పిలవాల్సిన గడియకు బ్యాటరీ నీళ్లలో ఉంటుంది. వీల్‌హౌస్‌లో నడుమెత్తున, పెట్టెలో బిగించిన 40 ఆంపియర్-అవర్ బ్యాటరీ ఒకటి సెట్టుకే విడిగా ఉంటే, అప్పుడప్పుడు మాట్లాడుతూ ఉన్నా ఒక పగలూ రాత్రీ నిక్షేపంగా లాగుతుంది.

సెట్టు మీద చూసుకోవాల్సినవి కొన్ని. హార్బర్‌లో మాట్లాడుకునేటప్పుడు 1 వాటుకు తగ్గించి, అలాగే వేటకు పోతారు. బయల్దేరేముందు 25కు మార్చాలి. చానెళ్ల పట్టిక అంతర్జాతీయ పద్ధతిలో ఉండాలి, అమెరికా పద్ధతిలో ఉంటే పదహారు పలుకుతుంది కానీ రేవుల చానెళ్లు కొన్ని కలవవు. గరగరను అణచే స్క్వెల్చ్ మీటను, గరగర ఆగిన చోటే వదిలేయాలి. ఇంకా బిగిస్తే దూరపు బలహీనమైన పిలుపులన్నీ చచ్చిపోతాయి, ఆపదలో ఉన్నవాడి గొంతు దాదాపు ఎప్పుడూ బలహీనంగానే ఉంటుంది. గరగర మరీ ఎక్కువైతే సెట్టును తిట్టకండి, డెక్ మీది చవక ఎల్‌ఈడీ దీపాలను అనుమానించండి. స్క్వెల్చ్ తెరిచి ఒక్కో దీపం ఆర్పుతూ పోతే దొంగ దొరుకుతాడు.

ఇప్పుడు సరంగులతో ఒక మాట, కాస్త కటువుగానే. పదహారులో చేపల ధరలు, ఇంటి సంగతులు, పాటలు ఎందుకు? పిలవడానికి మాత్రమే పదహారు. అవతలివాడు పలికాక 8, 72, 77 లాంటి బోటుకు-బోటు చానెల్‌కు మారిపోవాలి. సెట్టులో డ్యూయల్ వాచ్ పెట్టుకుంటే మీ చానెల్‌లో మాట్లాడుకుంటూనే మధ్యమధ్య పదహారును అదే వింటూ ఉంటుంది. ఈ ఎఫ్‌ఎం సెట్లలో ఇద్దరు ఒకేసారి మాట్లాడితే ఇద్దరూ కలిసి వినపడరు, బలమైన సిగ్నల్ గెలుస్తుంది, బలహీనమైనది పూర్తిగా మాయమవుతుంది. మీరు పక్కవాడితో నవ్వుకుంటున్న ఆ అర నిమిషంలో పది మైళ్ల అవతల ఒకడు పిలిచినా మీకు తెలియనే తెలియదు. మైకు ఇరుక్కుపోవడం దీనికన్నా ప్రమాదం. పరుపు కింద పడిన మైకు, ఉప్పు పేరుకుని పైకి లేవని బటన్, ఏదైనా సరే, ఆ ఒక్క బోటు చుట్టుపక్కల అందరి నోరూ కట్టేస్తుంది. తన బోటే కారణమని దానికి తెలియదు కూడా, పంపుతున్నంతసేపూ దానికి ఏమీ వినపడదు కదా. మైకును ఎప్పుడూ కొక్కేనికే తగిలించండి. ప్రతి ట్రిప్పు తర్వాతా మంచినీటి గుడ్డతో తుడవండి. సెట్టు మీద పంపే గుర్తు దానంతటదే వెలుగుతోందేమో అప్పుడప్పుడు కన్నేయండి.

ఆపదలో పిలిచే పద్ధతి కాగితం మీద రాసి సెట్టు పక్కన అతికించాలి. భయంలో మాటలు రావు, చదవడానికి కళ్లెదురుగా ఉంటే వస్తాయి. 25 వాట్లు, చానెల్ 16, మైకు నొక్కి ఒక క్షణం ఆగి మొదలుపెట్టాలి. ఆగకపోతే మొదటి మాట తెగిపోతుంది. మైకు నోటికి మూడు నాలుగు వేళ్ల దూరంలో, గాలికి వీపు పెట్టి, మీది గంగాదేవి అనే బోటు అనుకుంటే, ఇలా:

మేడే, మేడే, మేడే.
దిస్ ఈజ్ ఫిషింగ్ బోట్ గంగాదేవి, గంగాదేవి, గంగాదేవి, తర్వాత రిజిస్ట్రేషన్ నంబరు.
మేడే గంగాదేవి.
పొజిషన్ వన్ సెవెన్ డిగ్రీస్ త్రీ జీరో డెసిమల్ ఫైవ్ మినిట్స్ నార్త్, జీరో ఎయిట్ త్రీ డిగ్రీస్ త్రీ ఫైవ్ డెసిమల్ టూ మినిట్స్ ఈస్ట్.
సింకింగ్. నైన్ పర్సన్స్. నీడ్ ఇమ్మీడియట్ హెల్ప్. ఓవర్.

వెంటనే తెలుగులో: "మేడే. గంగాదేవి బోటు మునిగిపోతోంది. తొమ్మిదిమందిమి. విశాఖ లైట్‌హౌస్‌కు ఆగ్నేయంగా 20 మైళ్లు. దగ్గర్లో ఎవరున్నా రండి." కోస్ట్‌గార్డ్ సిబ్బంది దేశం నలుమూలల నుంచీ వచ్చేవాళ్లు, ఇంగ్లిష్ ముక్కలు వాళ్ల కోసం. తెలుగు పక్క బోటు కోసం. అంతా చెప్పాక బటన్ వదలాలి. కంగారులో చాలామంది నొక్కే ఉంచుతారు, జవాబు వస్తున్నా వినలేరు. జవాబు రాకపోతే నిమిషం ఆగి మళ్లీ మొదటి నుంచి. రిజిస్ట్రేషన్ నంబరు ఎందుకంటే, గంగాదేవి, నూకాలమ్మ, సాయిరామ్ పేర్లతో ఒక్క రేవులోనే ఎన్ని బోట్లుంటాయో మీకు తెలుసు.

పొజిషన్ దగ్గర జరిగే పొరపాటు గురించి కొంచెం వివరంగా చెప్పాలి. జీపీఎస్ తెర మీద 17°30.50 అని ఉంటే అది 17 డిగ్రీల 30.50 నిమిషాలు. చాలామంది దాన్ని "పదిహేడు, ముప్పై, యాభై" అని చదివేస్తారు. విన్నవాడు 30 నిమిషాల 50 సెకన్లు అనుకుంటే తేడా 600 మీటర్ల పైన. అదైనా ఫరవాలేదు, కంటికి ఆనే దూరమే. 17.3050 డిగ్రీలు అనుకుంటే మాత్రం అది 17 డిగ్రీల 18.3 నిమిషాలు అవుతుంది, 12 మైళ్లకు పైగా దక్షిణంగా, అంటే 22 కిలోమీటర్ల అవతల వెతుకుతారు. రాత్రిపూట అలల్లో తల ఒకటి వెతకాల్సినప్పుడు ఈ తేడాతో పని మొత్తం చెడుతుంది. అంకెలు విడివిడిగా, చుక్క దగ్గర "డెసిమల్" అని, చివర "మినిట్స్" అని పలకాలి. రేవులో అన్ని బోట్ల జీపీఎస్‌లనూ డిగ్రీలు, నిమిషాలు, నిమిషాల్లో దశాంశాలు అనే ఒకే పద్ధతికి మార్చేస్తే గొడవే ఉండదు. మెనూలో రెండు నిమిషాల పని. ఇంజిన్ ఆగి కొట్టుకుపోతుంటే ఆ టైమూ, ఎటు పోతున్నారో కూడా చెప్పాలి. అక్టోబరు నుంచి డిసెంబరు దాకా మన తీరం వెంట నీటి వాలు దక్షిణానికి. 2 నాట్ల వాలులో నాలుగు గంటలు గడిస్తే బోటు 8 మైళ్లు జరిగిపోతుంది.

మునగడం, నిప్పంటుకోవడం, మనిషి సముద్రంలో పడిపోవడం, ఇలా ప్రాణం మీదికి వచ్చినవాటికే మేడే. ఇంజిన్ ఆగింది, వల బోటు అడుగున తిరిగే పంకాకు చుట్టుకుంది, మనిషికి జబ్బు చేసింది కానీ ఇంకా టైముంది అంటే "పాన్ పాన్" అని మూడుసార్లు. చిన్నదానికి మేడే అంటే తిడతారని కొందరు రెండూ అనకుండా ఊరుకుంటారు. పాన్ పాన్ ఉన్నది అందుకే. వాయుగుండం దగ్గరపడుతున్నప్పుడు ఇంజిన్ ఆగితే మాత్రం మొహమాటం వద్దు, మేడేనే.

వినేవాడి పని. మేడే వినపడగానే చేతిలో ఉన్న పెన్నుతో, లేకపోతే బొగ్గుతోనైనా చెక్క మీద పొజిషన్ రాయాలి. కోస్ట్‌గార్డ్ పలుకుతుందేమో కొద్ది క్షణాలు ఆగాలి. పలకకపోతే మీరే "గంగాదేవి, మీ మేడే అందింది" అనాలి. తర్వాత "మేడే రిలే" అని మూడుసార్లు అని, మీ బోటు పేరు, ఆ బోటు పేరు, పొజిషన్ తిరిగి చెప్పాలి. ఒడ్డుకు దూరంగా ఉన్న బోటు మాట ఒడ్డు వైపున్న మీ యాంటెనా మీదుగా చేరుతుంది. "సీలాన్స్ మేడే" అని వినపడితే సంబంధం లేనివాళ్లందరూ నోరు మూసుకోవాలని అర్థం. "సీలాన్స్ ఫీనీ" అనేదాకా పదహారులో ఇంకో ముక్క మాట్లాడకూడదు.

కొత్త సెట్ల మీద మూత కింద ఎర్ర బటన్ ఉంటుంది. మూత ఎత్తి ఐదు సెకన్లు నొక్కి పట్టుకుంటే, 70వ చానెల్‌లో బోటు గుర్తింపు సంఖ్య, పొజిషన్ రెండూ డిజిటల్‌గా వెళ్లి, ఆ సదుపాయమున్న చుట్టుపక్కల సెట్లన్నీ మోగుతాయి. ఎవరైనా అందుకునేదాకా నాలుగు నిమిషాలకోసారి తనే మళ్లీ పంపుతుంది. గొప్ప సదుపాయం. అయితే ఎంఎంఎస్‌ఐ అనే తొమ్మిదంకెల సంఖ్య, మన దేశానికి 419తో మొదలయ్యేది, సెట్టులో ఎక్కించకపోతే ఆ బటన్ అలంకారమే, ఏమీ వెళ్లదు. జీపీఎస్ నుంచి సెట్టుకు రెండు సన్నని వైర్లు కలిపి ఉండాలి. జీపీఎస్ మార్చినప్పుడు ఆ వైర్లు అలాగే వేలాడుతూ ఉండిపోతాయి, తెర మీద పొజిషన్ చోట గీతలు కనిపిస్తాయి. ఇంకో ఇబ్బంది, ఆ సంఖ్య బోటుది, సెట్టుది కాదు. బోటు అమ్మేసి సెట్టును ఇంకో బోటుకు బిగిస్తే, ఆపదలో పాత బోటు పేరే మోగుతుంది. కొత్త సంఖ్య ఎక్కించడం చాలా సెట్లలో యజమాని చేతిలో ఉండదు, డీలరే చేయాలి. పొరపాటున నొక్కితే సెట్టు కట్టేసి కూర్చోకండి. పదహారులో "అన్ని స్టేషన్లకు, నా ఆపద కబురు రద్దు" అని బోటు పేరుతో చెప్పండి, సరిపోతుంది. సెట్టు పనిచేస్తోందో లేదో చూడటానికి మాత్రం ఎర్ర బటన్ నొక్కకూడదు, దానికి మెనూలో వేరే టెస్ట్ కాల్ ఉంటుంది.

వీల్‌హౌస్ లేని ఫైబర్ బోట్లకు, తెప్పలకు చేతి సెట్టే దారి. 5 వాట్లు, నీళ్లలో పడితే తేలేది, మామూలు సెల్స్ వేసుకునే అదనపు పెట్టె ఉన్నది ఎంచుకోండి. కూర్చున్న మనిషి చేతిలో నుంచి 6 మీటర్ల యాంటెనా ఉన్న బోటుకు 8 మైళ్లు పోతుంది, నిలబడి పైకెత్తితే ఇంకాస్త. తాడుతో లైఫ్ జాకెట్‌కే కట్టుకోవాలి. ఆన్‌లైన్‌లో రెండు మూడు వేలకు దొరికే వాకీటాకీలు కొని మోసపోకండి. మన దేశంలో లైసెన్సు లేకుండా వాడుకోనిచ్చేవి 446 మెగాహెర్ట్జ్ దగ్గరివి, సముద్రంలో ఆ చానెల్‌ను వినేవాడే ఉండడు. ఏ ఫ్రీక్వెన్సీకి తిప్పితే అక్కడ పలికే సెట్లు లైసెన్సు లేకుండా వాడితే నేరం. ఇలాంటి అమ్మకాల మీద 2025లో వినియోగదారుల రక్షణ ప్రాధికార సంస్థ మార్గదర్శకాలు కూడా వచ్చాయి.

కమిషనర్ గారూ, ఇక మీ చేతిలో ఉన్నవి. సబ్సిడీలో సెట్టు ఖరీదు ఒక్కటే లెక్క వేస్తే, మిగిలేది సన్నని వైరు, ఇంజిన్ బ్యాటరీ. యాంటెనా, ఆర్‌జీ-213 వైరు, విడి బ్యాటరీ, బిగింపు కూలి, అన్నీ కలిపి ఒకే యూనిట్‌గా మంజూరు చేయండి. నిషేధ భృతి కోసం మీ సిబ్బంది జెట్టీకి వచ్చి బోట్లు లెక్కపెట్టే రోజునే సెట్టు కొలతలు కూడా తీయించండి. మైకు నొక్కినప్పుడు వోల్టులు, పంపే వాట్లు, ఎస్‌డబ్ల్యూఆర్, తెర మీద పొజిషన్ ఉందా లేదా, ఎంఎంఎస్‌ఐ ఆ బోటుదేనా, ఈ ఐదూ చాలు. బోటు చేతులు మారినప్పుడు రిజిస్ట్రేషన్‌తో పాటే వైర్‌లెస్ లైసెన్సు, ఎంఎంఎస్‌ఐ కూడా మారేలా కేంద్ర శాఖలతో మాట్లాడి రేవుల్లో క్యాంపులు పెట్టించండి. పొరపాటున ఎర్ర బటన్ నొక్కి, వెంటనే రద్దు చెప్పిన బోటును శిక్షించబోమని రాతపూర్వకంగా ప్రకటించండి. ఆ భయంతోనే కొందరు ఆ మూతనే టేపుతో మూసేస్తున్నారు.

విపత్తుల నిర్వహణ సంస్థకు ఒక విన్నపం. విశాఖ దగ్గర కొండలున్నాయి, యాంటెనా ఎక్కడ పెట్టినా ఎత్తే. గోదావరి, కృష్ణా డెల్టాల తీరం బల్లపరుపు. అక్కడ ఎత్తు దొరికేది లైట్‌హౌస్ టవర్ల మీదే. కోస్ట్‌గార్డ్‌కు విశాఖ, కాకినాడ, నిజాంపట్నం, కృష్ణపట్నంలో స్టేషన్లున్నాయి. వాటి మధ్య ఎక్కడ మాట అందడం లేదో ఒక బోటులో 10, 20, 30 మైళ్ల దగ్గర ఆగి పిలిచి చూసి పటం గీయించండి. అందని చోట టవర్ మీద యాంటెనా పెట్టి, వినే మనిషిని ఇరవైనాలుగు గంటలూ కూర్చోబెట్టండి. ఆ మనిషికి తెలుగు రావాలి.

సంఘాల పెద్దలు ఏ రేవు బోట్లు ఏ చానెల్‌లో మాట్లాడుకోవాలో తీర్మానించి, లైసెన్సు షరతులకు లోబడి, ఆ అంకెను వీల్‌హౌస్ లోపల పెయింటుతో రాయించాలి. పదహారులో కబుర్లు చెప్పిన బోటుకు సంఘమే జరిమానా వేయాలి, పోలీసుల దాకా ఎందుకు? జూన్ మొదటి వారంలో కోస్ట్‌గార్డ్‌కు ముందే తెలిపి, ప్రతి రేవులో ఒక పూట మేడే పిలుపు సాధన చేయించండి, పదహారులో కాదు, మీ సొంత చానెల్‌లో, ప్రతి ముక్కకూ ముందు "ఎక్సర్‌సైజ్" అంటూ. సరంగు ఒక్కడితోనే కాదు, బోటులో పనిచేసే కళాసీలందరితోనూ చదివించండి. సముద్రంలో పడిపోయినవాడు సరంగే అయితే పిలవాల్సింది వాళ్లే.

ఏ రేవులో ఏ రోజో మే 10 లోపు మత్స్యశాఖ తేదీలు ప్రకటిస్తే, మీటర్లు, కనెక్టర్లు, రబ్బరు టేపు పట్టుకుని మేం వస్తాం. కొలిచే పనికి కూలి తీసుకోం. మార్చాల్సిన సామాను ఖర్చు మాత్రం బోటువాళ్లదే.

ఇట్లు,
విశాఖపట్నం, కాకినాడ, మచిలీపట్నం, నిజాంపట్నం రేవుల్లో మెరైన్ వైర్‌లెస్ సెట్లు బిగించే, బాగుచేసే పనివాళ్లం, రేడియో ఆపరేటర్లం